బడిపంతులు తయారుచేసిన జట్టు



మనకు ఆట నేర్పి వెళ్ళిపోయిన గురువులను తలచుకోవడానికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల వాళ్ళం ఇక్కడ చేరాం. వారి వృత్తికే పెద్దదిక్కు అనదగిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితాన్ని ఈ సందర్భంలో మీ ముందుంచుతాను. ఆయనను భారత ఫుట్‌బాల్ కోచ్‌గా లోకం ఎరుగును. ఆయన అంత గొప్ప కోచ్ అయింది బడిపంతులు కావడం వల్లనే అని నా నమ్మకం.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్‌లోనూ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలోనూ పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పని విడవలేదు. జగిత్యాల, సిరిసిల్ల అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోవే. కనుక ఇది పరాయి ఊరి కథ కాదు.

ఆయన పద్ధతి చూడండి. కొన్ని పోటీల్లో డ్రిబ్లింగ్ నిషేధించేవారు. బంతి అందగానే తోటివాడికి పంపాల్సిందే. మరికొన్నింట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. పిల్లవాడికి ఏది రాదో కనిపెట్టి, అదే పాఠంగా మార్చడం ఉపాధ్యాయుడి విద్య.

1950లో రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది. మనవాళ్ళలో చాలామంది చలిలో వట్టికాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఓటమిని పాఠంగా మార్చుకున్నప్పుడే ఇలాంటిది సాధ్యం.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనను క్యాన్సర్ తినేస్తోంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడాం. థాయ్‌లాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. డిఫెండర్‌గా హెడ్ చేయడం కష్టం కనుక రహీం సాబ్ ఆయనను ముందువరసకు మార్చారు. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. ఆతిథ్య ఇండోనేషియాపై భారత ప్రతినిధి చేసిన వ్యాఖ్యలకు మండిపడిన లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ మరో గోల్ కొట్టారు. 2–1తో బంగారం మనదైంది. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు బంగారం రాలేదు.

అధ్యాపక మిత్రులారా, ఆ పతకాల వెనుక ఉన్నది చాదర్‌ఘాట్ బడిమైదానం. మన ఊళ్ళలో మైదానాలు కుంచించుకుపోతున్నాయి. పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది ఆటల పీరియడే. కళాశాలల పెద్దలను నేను కోరేది రెండు విషయాలు. ఆటల గంటను లెక్కల గంటలాగే కాపాడండి. మీ వ్యాయామ అధ్యాపకులు నేర్పినవారి పేర్లు, ఆడిన పోటీలు పుస్తకంలో రాసి ఉంచండి. మన గురువులకు మనం చేయగల స్మారకం అదే.