బిడ్డకు కరవు భత్యము కలదా?

(తాల్‌బగీచాలో తెలుగు కుటుంబముల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాటి సభలో పద్యమునకును పాటకును ఉన్నంత చోటు వ్యాజ్యములకు ఉండదు. అయినను నేడు నేను మనోవర్తిని గూర్చి మాటాడ దలచినాను. దంపతులు విడిపోయిన పిమ్మట బిడ్డ పోషణకై న్యాయస్థానము నిర్ణయించిన సొమ్ము కొన్నాళ్లకు చాలకపోవును. అప్పుడు పెంపుమని అడుగవచ్చునా? అడుగుట మర్యాదయేనా? ఈ ప్రశ్న మన ఇండ్లలో వంటింటి గుసగుసగా వినబడునే కాని సభలో వినబడదు. అందుచేతనే సభలో అడుగుచున్నాను.

సంవత్సరమునకు రెండుమారులు, జనవరికిని జూలైకిని, కరవు భత్యము ఎంత పెరుగునోయని లెక్క వేసికొనని ఉద్యోగి ఈ ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున ఉండడు. ధరలు పెరిగినచో రాబడియు పెరుగవలెనను న్యాయమును మనకు ఎవ్వరును బోధింప నక్కరలేదు. ఆ న్యాయమునే తండ్రికి దూరముగా పెరుగుచున్న బిడ్డకు వర్తింపజేసి చూడుడు.

ఒక లెక్క చెప్పెదను. సంసారము ఊహించినదే కాని వేతనపు అంకెలు ప్రభుత్వమువారివే. ఏడవ వేతన సంఘపు పట్టికలో, 2016 జనవరిలో, మొట్టమొదటి మెట్టుననున్న ఉద్యోగి మూలవేతనము 18,000 రూపాయలు. ఆనాటికి కరవు భత్యము సున్న. అప్పుడు న్యాయస్థానము అతని అయిదేండ్ల కుమార్తెకు నెలకు 3,000 రూపాయలు నిర్ణయించినదనుకొందము. అనగా వేతనములో ఆరవ వంతు. ఏటేటి ఇంక్రిమెంట్లతో 2024 జనవరి నాటికి అతని మూలవేతనము 22,800 అయినది. ఆ నెలనుండి కరవు భత్యము నూటికి 50. రెండును కలిసి 34,200 రూపాయలు. ఇంటి అద్దె భత్యము మొదలగునవి ఇందు చేర్చలేదు. బాలికకు పదుమూడేండ్లు వచ్చినవి. బడిజీతము, పుస్తకములు, బట్టలు, మందులు అన్నియు పెరిగినవి. ఆమెకు ముట్టునది మాత్రము ఆ 3,000 రూపాయలే. పాత ఆరవ వంతు లెక్కనే పట్టినను 5,700 రావలసియున్నది. ఇందు తండ్రి దుర్మార్గుడు కానక్కరలేదు. నెలనెలా తప్పక పంపుచునే ఉండవచ్చును. ఉత్తర్వులోని అంకె దానంతటది కదలదు, అంతే.

ప్రభుత్వము తన ఉద్యోగుల బిడ్డల విషయమున ఈ సంగతిని గుర్తించినది. కేంద్రోద్యోగుల పిల్లల విద్యాభత్యము 2017 జూలై నుండి, ఇద్దరు బిడ్డల వరకు, ఒక్కొక్కరికి నెలకు 2,250 రూపాయలు. కరవు భత్యము 50 శాతము పెరిగినప్పుడెల్ల ఇది నాలుగవ వంతు పెరుగవలెనని నియమము. ఆ ప్రకారము 2024 జనవరి నుండి అది 2,812 రూపాయల 50 పైసలైనది. మనోవర్తికి ఇట్టి నియమము లేదు. అడిగినగాని అది పెరుగదు.

అడుగుటకు హక్కు కలదా? నిస్సంశయముగా కలదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 127వ సెక్షను ఇందుకొరకే ఉండెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 146వ సెక్షను. చెల్లించువారి స్థితిగాని పుచ్చుకొనువారి స్థితిగాని మారినదని రుజువైనచో మేజిస్ట్రేటు మొత్తమును మార్చవచ్చును. 1955 నాటి హిందూ వివాహ చట్టపు 26వ సెక్షనును, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టపు 25వ సెక్షనును ఇట్టి మార్పునకు తావిచ్చుచున్నవి.

ఒకప్పుడు చట్టమే కదలక నిలిచిపోయినది. నెలకు 500 రూపాయలకు మించి ఈయరాదని 1955లో పరిమితి విధించిరి. 1973 కోడును దానినే నిలిపినది. కొన్ని రాష్ట్రములు తమ సవరణలతో పెంచుకొన్నను, కేంద్ర శాసనమున ఆ అంకె 2001 వరకు ఉండి, ఆ సంవత్సరమున తొలగింపబడినది. 1955 నాటి అయిదువందలకును 2001 నాటి అయిదువందలకును గల భేదము ఇల్లు నడపినవారికి వేరుగ చెప్పనేల?

మన మున్న ఈ పశ్చిమ బెంగాలునుండి వెళ్లిన ఒక వ్యాజ్యములో సుప్రీం కోర్టు 2025 మే నెలలో చెప్పిన తీర్పు గమనింపదగినది. హైకోర్టు భార్యకు నెలకు 20,000 రూపాయలు నిర్ణయించి, మూడేండ్లకొకమారు 5 శాతము పెంపు విధించెను. సుప్రీం కోర్టు దానిని 50,000 చేసి, రెండేండ్లకొకమారు 5 శాతము పెరుగవలెననెను. అది భార్యకు సంబంధించినది. కుమారుడు అప్పటికే 26 ఏండ్లవాడు గనుక అతనికి విధిగా భరణ మీయ నక్కరలేదనిరి. అయినను మనకు అందు ఒక పాఠము కలదు. పెంపును మొదటి ఉత్తర్వులోనే వ్రాయించుకొనవచ్చును; బిడ్డకు కూడ అట్లే కోరవచ్చును. అప్పుడు మాటిమాటికి న్యాయస్థానపు మెట్లెక్కు శ్రమ తప్పును.

ఇక ఆచరణ. 2020 నవంబరులో సుప్రీం కోర్టు ఇచ్చిన మార్గదర్శకముల ప్రకారము ఉభయులును తమ ఆస్తులను, రాబడిని, వ్యయములను ప్రమాణపత్రముతో తెలుపవలెను. ముందటి ఉత్తర్వును మార్చగోరువారు ఆ వ్యవహారములోనే కోరవలెనని కూడ ఆ తీర్పు చెప్పినది. తల్లి చేయవలసినది పాత ఉత్తర్వు నకలును, బడిజీతపు రసీదులను, మందుల చీటీలను తేదీలవారీగా దాచుకొనుట. పోయిన నెలల పెంపు సాధారణముగా తిరిగి రాదు గనుక ఆలసింపరాదు. బకాయి పడినచో ఏడాదిలోపల వసూలునకు అర్జీ పెట్టవలెను. బిడ్డతో శ్రీకాకుళమునకో విజయనగరమునకో పుట్టింటికి చేరిన తల్లి, మనోవర్తికై మొదటి అర్జీని తానున్న చోటనే పెట్టుకొనవచ్చును. వచ్చిన ఉత్తర్వును తండ్రి ఉన్న చోట అమలుపరపవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును బాలలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. వకీలుకు ఈయ సొమ్ము లేదని ఎవ్వరును వెనుదీయ నక్కరలేదు.

తండ్రి పక్షమునను న్యాయము చూడవలెను. అతనికి వృద్ధులైన తల్లిదండ్రులుండవచ్చును, జబ్బు చేయవచ్చును, ఉద్యోగము పోవచ్చును. స్థితి మారినదని అతడును అర్జీ పెట్టవచ్చును. 2017లో ఈ రాష్ట్రపు మరియొక వ్యాజ్యమున, భర్తకు వేరొక సంసారముకూడ ఏర్పడినదని గమనించి, సుప్రీం కోర్టు 23,000ను 20,000కు తగ్గించినది. కనుక ఇది కక్షకు సాధనము కాదు. ఇది కాలమునుబట్టి సరిచూచుకొనవలసిన లెక్క.

మన భారతకథలో శకుంతల బిడ్డను వెంటబెట్టుకొని దుష్యంతుని కొలువునకు వచ్చినది. రాజు ఎరుగనన్నాడు. నిండుసభలో ఆమె తలవంచుకొని మరలిపోలేదు. బిడ్డ పక్షమున వాదించినది. బిడ్డను భరింపుమని అశరీరవాణి పలికినందుచేతనే అతనికి భరతుడను పేరు వచ్చినది. భరణమను మాటయు ఆ ధాతువునుండి పుట్టినదే. ఏ బాలుని పేర ఈ దేశము భారతమైనదో ఆ బాలుని పేరే ఒక తల్లి కోరికకు సాక్ష్యము. అట్టి కోరికను అమర్యాద యనుటకు మన మెవ్వరము?

ఈ సంఘమువారికి నా మనవి ఒక్కటే. మనలో అర్జీలు వ్రాయనేర్చినవారు కలరు. వేతనపు చీటీ చదువనేర్చినవారు కలరు. బెంగాలీ తెలిసినవారు కలరు. ఇట్టి తల్లి మీ గడపకు వచ్చినప్పుడు ఎవరిది తప్పని విచారణ మొదలుపెట్టకుడు. కుర్చీ వేసి, పాత ఉత్తర్వు తేదీ అడుగుడు. బిడ్డకు అప్పుడెన్నేండ్లు, ఇప్పుడెన్నేండ్లు అని అడుగుడు. మిగిలినది లెక్కయే. లెక్కలో మన మెవ్వరికిని తీసిపోము.