తల తిరగకపోతే రక్తపోటు లేనట్టేనా?

పలాసలో జీడిపిక్కలు కొట్టే అక్కచెల్లెళ్ళను "బి.పి. చూపించుకున్నారా?" అని అడగండి. "నాకేటైందమ్మా, తల తిరగనేదు కదా!" అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తపోటు పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. తలపోటు, చూపు మసకబారడం, ఆయాసం కనిపించేసరికి ఒక్కోసారి జబ్బు బాగా ముదిరిపోతుంది. 140/90 దాటిందో లేదో చేతికి పట్టీ కట్టి చూస్తేనే తెలిసేది.

మన ఉద్దానంలో మరో తిరకాసు ఉంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. ఈ రోగుల్లో పలువురికి మొదట్లో రక్తపోటూ ఉండదు, చక్కెర వ్యాధీ ఉండదు, కాళ్ళ వాపూ ఉండదు. కాబట్టి బి.పి. సరిగా ఉందన్నారని నిశ్చింతగా కూర్చోక, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఒళ్ళునొప్పులని దుకాణంలో మాత్రలు కొని మింగడం మాత్రం మానండి. వాటివల్ల పోటూ పెరుగుతుంది, కిడ్నీలూ చెడతాయి. ఉప్పు రోజు మొత్తానికి చిన్న చెంచాడు చాలు. ఎండుచేపల్లో, ఆవకాయలో ఉన్నదీ ఆ లెక్కలోదేనమ్మా! బి.పి. మాత్రలు మొదలుపెట్టినవారు తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. పరీక్షకు వెళ్ళేటప్పుడు కొబ్బరితోటలో పనిచేసే ఇంటాయననూ వెంటబెట్టుకు వెళ్ళండి.