చర్మ రూక్షత: వెలి కారణములు, లోని కారణములు



ధనుర్మాసము ప్రవేశించిన నాటినుండి మన యిండ్లలో ఒక మాట వినబడుచుండును: "చలికి ఒళ్లు పగిలినది." మడమలు బీటలు వారును, పెదవులు చిట్లును, కాళ్లు బూడిద పూసినట్లు తెల్లబడును. ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పిన నాకు చలికాలపు పిల్లల కాళ్లు బాగుగా తెలియును. గోటితో కాళ్లమీద అక్షరములు గీచికొని, ఉమ్మితడితో తుడుచుకొనెడివారు. పలకమీదివలె గీత తెల్లగా నిలిచెడిది. చూచి నవ్వుకొనుట సులభమే గాని, ఆ పిల్లలందరి పొడితనమునకు కారణ మొక్కటి కాదు. కొందరిది సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు తగ్గెడిది. కొందరిది ఉగాది వచ్చినను తగ్గెడిది కాదు. ఈ రెండింటికి గల భేదమే నేటి నా ప్రసంగ విషయము.

చర్మపు పైపొర యెట్లు కట్టబడినదో ముందుగా తెలియవలయును. అది మిక్కిలి పలుచని పెంకుల వరుస. గోడలో ఇటుకల నడుమ అడుసు నింపినట్లు, ఆ పెంకుల నడుమ ఒక విధమైన క్రొవ్వు నిండియుండును. లోని తడి వెలికి పోకుండ కాపాడునది ఆ క్రొవ్వే. దానిపైన, చర్మమందలి సూక్ష్మగ్రంథులు స్రవించు జిడ్డు మరియొక రక్ష. ఈ గ్రంథులు ముఖమునందును తలయందును మెండు, కాళ్లయందు తక్కువ, అరచేతులందును అరికాళ్లయందును లేనేలేవు. అందువలననే కాళ్లు ముందుగా ఎండును, మడమలు పగులును. ముదిమి వచ్చినకొలది ఈ జిడ్డు తగ్గిపోవును. అరువది దాటిన మనబోంట్లకు రాత్రివేళ ఒడలు దురదపెట్టుటకు తరచుగా ఇదియే కారణము.

మన ఆయుర్వేదమున రూక్షత వాతముయొక్క గుణమని చెప్పబడినది. చరకసంహిత సూత్రస్థానమునందును, వాగ్భటుని అష్టాంగహృదయమునందలి దినచర్యాధ్యాయమునందును అభ్యంగము విధింపబడియున్నది. వాతమను మాటను నేటి వైద్యుడు అంగీకరింపకపోవచ్చును. గాలి పొడియైనప్పుడు చర్మమెండునను విషయమున మాత్రము ఇరువురకును వివాదము లేదు. చల్లని గాలి నీటియావిరిని ఎక్కువగా మోయజాలదు. ఆ గాలియే మన దేహపు వేడిమి తగిలి వెచ్చబడగానే దప్పిగొన్నదై, చేరువనున్న తడిని, అనగా మన చర్మపు తడిని, పీల్చుకొనును. మచిలీపట్టణము, కాకినాడవంటి సముద్రతీర ప్రాంతములందు చలికాలమున సైతము గాలిలో తేమ కొంత మిగిలియుండును. ఆదిలాబాదు వైపు చలియు హెచ్చు, తేమయు తక్కువ.

చలికి మనము చేయు ఉపచారమే చర్మమునకు రెండవ శత్రువగుచున్నది. కాగుడు నీళ్లు ధారాళముగా పోసికొని, సబ్బు రెండుమారులు రుద్దుకొనుట హాయిగనే యుండును. కాని వేడినీరు జిడ్డును కరగించును. సబ్బులోని క్షారము మిగిలినదానిని కడిగివేయును. దీనికి తోడు మన బావుల నీరు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినను మెత్తబడకున్నను, సబ్బు నురుగు పట్టకున్నను, కాగు లోపల తెల్లని పెచ్చు కట్టుచున్నను, ఆ నీరు కఠినజలమని యెరుగవలయును. అందలి సున్నపు లవణములు సబ్బుతో కలిసి తెట్టెగా మారి ఒంటినంటుకొనును. శుభ్రపడితిమని మనమనుకొందుము, చర్మము మాత్రము బిగిసి దురదపెట్టును. కుంకుడుకాయల రసమునకు ఈ దోషము లేదు. కఠినజలమునందును అది నురుగునిచ్చును. కన్నులు మండునని పిల్లలు పరుగెత్తుటయు నిజమే. ఒంటికి సున్నిపిండి అంతకంటె సాధువు.

నువ్వులనూనె పట్టించుకొని స్నానము చేయుట మన ఆచారము. దానికి ఒక చిన్న చేర్పు చేయవలయునని నా మనవి. గోరువెచ్చని నీటితో స్నానము ముగించి, ఒడలు గట్టిగా రుద్ది తుడువక, తడి పూర్తిగా ఆరకముందే నాలుగు బొట్లు నూనె చేతులకును కాళ్లకును పట్టించినచో ఆ తడి లోననే నిలుచును. పండుగనాడు గిద్దెడు నూనె పోసికొని తక్కిన దినములు మరచుటకంటె ఇది మేలు. నీరు కడవలకొలది త్రాగిన చర్మము మెత్తబడునని యిప్పుడు పలువురు చెప్పుచున్నారు. దాహమునకు తగినంత త్రాగవలసినదే; అంతకు మించి త్రాగిన నీరు చర్మమును చేరి నిలుచునని నేను నమ్మను.

ఇంతవరకు చెప్పినవి వెలి కారణములు. వీనికి నూనెయే మందు. ఎంత నూనె రాచినను తగ్గని పొడితనము వేరొకటి కలదు. దాని కారణమును వంటయింట వెదకవలయును.

1929 లో అమెరికాలో జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ అను దంపతులు ఎలుకలకు క్రొవ్వు బొత్తిగా లేని ఆహారము పెట్టి చూచిరి. తక్కిన పోషణయంతయు ఉండియు వాని చర్మము పొలుసులు కట్టెను, పెరుగుదల నిలిచెను. లినోలిక్ ఆమ్లమను క్రొవ్వు పదార్థము ఆహారమునుండియే రావలయుననియు, దేహము దానిని తానుగా చేసికొనజాలదనియు తేలినది. ఇది నువ్వులనూనెయందు నూటికి సుమారు 40 పాళ్లు, వాడుకలోనున్న కుసుమనూనెయందు 70 పాళ్లకు పైగాను ఉండును. కొబ్బరినూనెయందు 2 పాళ్లు మాత్రమే. కొబ్బరినూనె ఒంటికి రాచుకొనుటకు మంచిదే; కడుపునకు అదియొక్కటియే చాలదు. క్రొవ్వు చేటని విని నూనెను పూర్తిగా మానివేసిన వృద్ధులను నేనెరుగుదును. తగ్గించుట వేరు, మానుట వేరు.

బీదయిండ్ల పిల్లలలో మోచేతుల వెనుకను మోకాళ్లమీదను వెండ్రుకల మొదళ్ల చుట్టు ముండ్లవలె గరుకు మొటిమలు లేచుట మీరు చూచియుందురు. చేయి వేసిన ఆకురాయివలె తగులును. 1933 లో నికోల్స్ అను వైద్యుడు దీనిని ఫ్రైనోడెర్మా అనెను. గోదురుకప్ప చర్మమని దాని యర్థము. ఎ విటమిను కొరతయే దీనికి మూలమని మొదట తలచిరి. అదియొక్కటియే గాక, బి విటమినుల కొరతయు, ఇంతకుముందు చెప్పిన క్రొవ్వు కొరతయు కలిసినప్పుడు ఇది పుట్టునని తరువాత తెలిసినది. ఇట్టి చర్మముగల బిడ్డ మునిమాపువేళ గడప తట్టుకొని పడుచున్నచో అది అల్లరి కాదు, రేచీకటి. ఆలస్యము చేసిన కన్నులు పోవును. తోటకూర, మునగాకు, మామిడిపండు, బొప్పాయి, గ్రుడ్డు, పాలు ఇట్టివానికి పెట్టవలయును. ఆకుకూరలో కొంత నూనె తప్పక పడవలయును. లేనిచో అందలి సారము సరిగా ఒంటబట్టదు. 1970 లో మొదలైన ప్రభుత్వ పథకము క్రింద చిన్నపిల్లలకు ఎ విటమిను ద్రవము ఇచ్చుచున్నారు, అడిగి వేయింపుడు. అంగడిలో కొని ఇష్టానుసారము మాత్రము మ్రింగింపరాదు. ఆ విటమిను మితిమీరినను చర్మము పొడిబారి పెచ్చులూడుట విచిత్రమే గాని సత్యము.

ఇక మన సీమకు సంబంధించిన ముచ్చట యొకటి. కూనూరులో 1918 లో ఆరంభమైన పోషకాహార పరిశోధనశాల 1958 లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే. అచటి వైద్యులగు గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగా గల బీదరైతులయందు పెల్లగ్రా అను వ్యాధిని పరిశీలించి, 1960 లో తమ సిద్ధాంతమును ప్రకటించిరి. అంతకుముందు పెల్లగ్రా మొక్కజొన్న తినువారి రోగమని లోకము తలచెడిది. నియాసిను అను బి విటమిను కొరత ఈ వ్యాధికి కారణము. జొన్నలో హెచ్చుగానున్న లూసీను అను పదార్థము ఆ కొరతను పెంచునని వారి మతము. దానిపై తరువాత వాదోపవాదములు జరిగినవి. రోగలక్షణములపై వివాదము లేదు.

ఆ లక్షణము మీరు గుర్తింపదగినది. ఎండ తగులు చోటులందే, మెడ చుట్టును, ముంజేతులమీదను, పాదములమీదను, చర్మము నల్లబడి, గరుకెక్కి, పెచ్చులు రేగును. రెండు చేతులకు సమానముగా వచ్చును. చొక్కా కప్పిన చోట గీత గీచినట్లు ఆగును. ఎండకు మాడినదని రైతు ఊరకుండును. పిదప నోరు పూయును, విరేచనములగును, నిద్ర పట్టదు, మతి చలించును. ఉపేక్షించిన ప్రాణము పోవును. నియాసిను మాత్రలతో కొలదిదినములలోనే గుణము కనబడునట్టి వ్యాధికి మనుష్యులు బలియగుట ఎంత యన్యాయము!

జొన్నను నిందింపుడని నా తాత్పర్యము కాదు. పప్పు, పాలు లేక ఏడాది పొడవున జొన్నయొక్కటియే తినుట దోషము. రొట్టెతో వేరుసెనగ పొడి నంజుకొనినచో, వేరుసెనగలో నియాసిను పుష్కలముగా నున్నది గనుక, లోపము చాలవరకు తీరును. జొన్నతో వచ్చు పెల్లగ్రా నేడు అరుదయ్యెను. ఇప్పుడు కనబడునది ముఖ్యముగా అన్నము మాని మద్యమునకు మరగినవారియందు. వానిని తిట్టుటకు ముందు వాని మెడయును ముంజేతులును చూడుడు.

ఆహారమును వాతావరణమును గాక రోగములవలన వచ్చు పొడితనమును గూర్చి రెండు మాటలు. థైరాయిడు గ్రంథి మందగించినను, మూత్రపిండములు చెడినను చర్మమెండును. మధుమేహము గలవారి మడమ పగిలి, నొప్పి తెలియకున్నచో అది చలి పగులు కాదు; పుండగుటకు ముందే వైద్యునికి చూపవలయును. ఒంటిపై ఎక్కడనైన పాలిపోయిన మచ్చ పొడిగానుండి, చెమట పట్టక, పక్షియీకతో తాకిన తెలియకున్నచో కుష్ఠువును శంకింపవలయును. నూనె రాచుచు కాలము గడుపరాదు, దాచరాదు. దానికి మందు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునందు ఉచితముగా నిత్తురు. వ్యాధి తీరునుబట్టి ఆరు నెలలో, పండ్రెండు నెలలో వాడవలసియుండును.