సైరన్ మోగక ముందే చెప్పాల్సిన మాట

 

నా వెనకాల కనిపిస్తున్నది మా చేనే. కళ్యాణదుర్గం వైపు పల్లె మాది. మా అక్క కొడుకు ఫోన్‌లో తీస్తున్నాడు, గాలి ఎక్కువగా ఉంది, మధ్యలో గొంతు సరిగ్గా వినపడకపోతే సర్దుకోండి.

నేను నేవీలో పనిచేశానని తెలిసినవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఏమప్పా, చెరువులో కూడా నీళ్ళుండని ఊర్లో పుట్టినోనివి, సముద్రంలో ఏం చేసినావు?" అని. నిజానికి నేను సముద్రంలో చేసింది తక్కువ. ఉద్యోగంలో చివరి ఎనిమిదేళ్ళు ఒక నావికా స్థావరంలో అణు అత్యవసర ప్రణాళిక పని చూశాను. అంటే, అణుశక్తితో నడిచే జలాంతర్గామి రేవులో కట్టి ఉన్నప్పుడు దాని రియాక్టర్‌లో ఏదైనా తేడా వస్తే ఎవరు ఏం చేయాలి, గంట గంటకూ ఏం జరగాలి అని ముందే రాసి పెట్టుకునే పని. అది ఏ స్థావరమో చెప్పను, చెప్పకూడదు కూడా. ఈరోజు నేను చెప్పే సాంకేతిక విషయాలన్నీ పుస్తకాల్లో, పత్రికల్లో ఉన్నవే. రహస్యాలేం లేవు.

ముందు మన రాష్ట్రం సంగతి. అణు జలాంతర్గామి మనకు కొత్త కాదు. 1988లోనే సోవియట్ యూనియన్ నుంచి లీజుకు తెచ్చుకున్న ఐఎన్ఎస్ చక్ర విశాఖపట్నం వచ్చింది, మూడేళ్ళు ఉంది. 2009 జులై 26న అరిహంత్‌ను విశాఖలోనే నీళ్ళలోకి దించారు. 2013 ఆగస్టులో దాని రియాక్టర్ పనిచేయడం మొదలైంది. 2024 ఆగస్టులో అరిఘాత్ నౌకాదళంలో చేరింది. ఇంత పెద్ద ఊరి పక్కన రియాక్టర్లున్న ఓడలు తిరుగుతున్నాయి. దీనికి భయపడాలా? నన్నడిగితే భయపడక్కర్లేదు, తెలుసుకోవాలి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

జలాంతర్గామి రియాక్టర్ చిన్నది. బయటికొచ్చిన లెక్క ప్రకారం అరిహంత్ రియాక్టర్ వేడి సామర్థ్యం 83 మెగావాట్లు. కూడంకుళంలో ఒక్కో యూనిట్ వేడి సుమారు 3,000 మెగావాట్లు. కాబట్టి ప్రమాదం జరిగినా దాని పరిధి పెద్ద విద్యుత్ కేంద్రమంత ఉండదు. కానీ పెద్ద కేంద్రాన్ని ఊరికి దూరంగా, చుట్టూ ఖాళీ జాగా వదిలి కడతారు. రేవు అట్లా కాదు. గోడ దాటితే చేపల మార్కెట్, బస్టాండ్, బడి. చిన్న రియాక్టర్, దగ్గర జనం. మా పనంతా ఈ రెండు మాటల మధ్యనే.

రియాక్టర్‌ను ఆపేస్తే అయిపోతుంది కదా అనుకుంటారు. అవదు. పొయ్యిలో కట్టెలు లాగేసినా సంగటి కుండ ఎంతసేపు కాలుతుందో చూశారు కదా. ఇదీ అంతే. పూర్తి శక్తితో నడుస్తున్న రియాక్టర్‌ను ఆపిన క్షణంలో కూడా సుమారు ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది. గంట తర్వాత ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ఆ వేడిని నీళ్ళతో తీస్తూనే ఉండాలి. తీయలేకపోతే ఇంధనం కరుగుతుంది. 2011 మార్చిలో ఫుకుషిమాలో జరిగిందదే. రియాక్టర్లు ఆగాయి, చల్లబరిచే కరెంటు పోయింది.

నావికా స్థావరంలోనే జరిగిన ప్రమాదం ఒకటి చెప్తాను. 1985 ఆగస్టు 10. సోవియట్ యూనియన్‌లో వ్లాదివోస్తోక్ దగ్గర చాజ్మా అనే ఖాతం. యుద్ధం లేదు, తుఫాను లేదు. కే-431 అనే జలాంతర్గామి రేవులో కట్టి ఉంది, ఇంధనం మారుస్తున్నారు. రియాక్టర్ మూత ఎత్తేటప్పుడు దానితోపాటు నియంత్రణ కడ్డీలు పైకి లేచాయి. ఆగి ఉన్న రియాక్టర్ ఒక్కసారిగా అంటుకుంది, పేలింది. పది మంది అక్కడికక్కడే చనిపోయారు. ఆ సంగతి ఏళ్ళ తరబడి బయటికి రానివ్వలేదు. పక్క ఊళ్ళో ఉన్నవాళ్ళకు కూడా తమ పక్కన ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేదు. మాలాంటివాళ్ళకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ప్రమాదం నడిసముద్రంలోనే రావాలని లేదు, రేవులో రిపేరు చేస్తున్నప్పుడు కూడా వస్తుంది. రెండు, పక్క ఊరిని మర్చిపోయి రాసిన ప్రణాళిక ప్రణాళికే కాదు.

సరే, ప్రమాదం జరిగింది, ఏదో బయటికొచ్చింది అనుకుందాం. మొదటి గంటల్లో మేం ఎక్కువగా భయపడేది రేడియోధార్మిక అయోడిన్‌కు. అయోడిన్-131 అంటారు. ఎనిమిది రోజులకు సగమవుతుంది, మళ్ళీ ఎనిమిది రోజులకు అందులో సగం. అంటే రెండు మూడు నెలల్లో దాదాపు పోతుంది. కానీ ఆలోపు గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి దాన్ని మంచి అయోడిన్ అనుకుని లాక్కుంటుంది. పసిపిల్లలకు ముప్పు ఎక్కువ. అందుకే పొటాషియం అయోడైడ్ బిళ్ళ ఇస్తారు. గ్రంథి ముందే మంచి అయోడిన్‌తో నిండిపోతే చెడ్డదానికి చోటుండదు. పెద్దవాళ్ళకు 130 మిల్లీగ్రాములు, పిల్లలకు వయసును బట్టి తక్కువ.

ఇక్కడే అసలు చిక్కుంది. ఈ బిళ్ళ పీల్చడానికి కాస్త ముందు గానీ, పీల్చిన రెండు గంటల్లోపు గానీ వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. ఎనిమిది గంటల దాకా కొంత ఉపయోగం. ఒక రోజు దాటాక వేసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ కావచ్చు. పైగా అది థైరాయిడ్‌ను మాత్రమే కాపాడుతుంది, మిగతా దేనికీ మందు కాదు. మరి బిళ్ళలు ఎక్కడో గోడౌన్‌లో పెట్టి, తాళం ఒకరి దగ్గర, లారీ ఇంకొకరి దగ్గర ఉంటే రెండు గంటల్లో ఇంటింటికీ చేరతాయా? మీరే చెప్పండి.

రెండోది, ఇంట్లో ఉండటం. తలుపులు, కిటికీలు మూసుకుని, ఏసీలు ఆపుకుని, గోడలున్న గదిలో కూర్చోవాలి. వినడానికి తేలిక, చేయడం కష్టం. ఎందుకంటే ఆపదొస్తే మనిషి చేసే మొదటి పని పరుగెత్తడం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో పాలిమర్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చింది గుర్తుందా? నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తారు, రోడ్ల మీద పడిపోయారు, పన్నెండు మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది, కానీ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ఆ రాత్రి తర్వాత జనం మనసులో పడింది ఒకటే మాట, సైరన్ అంటే పరుగెత్తు. రేపు అదే జనానికి ఇంకో రకం సైరన్ మోగితే? దానికి ఇంట్లో ఉండాలి, దీనికి ఊరు వదలాలి. కూతకు ఆ తేడా చెప్పడం రాదు. ముందే మనిషి చెప్పి ఉండాలి.

ఊరంతా ఖాళీ చేయించేస్తే సరిపోతుంది కదా అంటారు. ఫుకుషిమాను చూడండి. రేడియేషన్ తగిలి వెంటనే చనిపోయినవాళ్ళు లేరు. కానీ హడావుడిగా ఆస్పత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి కదిలించడం వల్ల, తర్వాత ఏళ్ళ తరబడి ఊరు కాని ఊళ్ళో ఉండటం వల్ల ఆ రాష్ట్రంలో 2,000 మందికి పైగా చనిపోయారని అక్కడి ప్రభుత్వమే లెక్కగట్టింది. తరలింపు కూడా ఒక మందే. మోతాదు తప్పితే చంపుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నది.

మా ప్రణాళికలో ఒక వాక్యం నేనే రాశాను. "మైకు వాహనాల ద్వారా ప్రజలను ఇళ్ళలోనే ఉండవలసిందిగా కోరాలి." చక్కగా ఉంది కదా? పై అధికారులు సంతకం పెట్టారు. ఒకసారి మాక్ డ్రిల్ చేశాం. గోడ పక్క పేటలోకి మైకు కట్టిన జీపు పోయింది. హిందీలో, ఇంగ్లీషులో చెప్తున్నారు. ఏమైంది? ఇళ్ళలో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చారు. జీపు ఏం చెప్తోందో వినడానికి. పిల్లలు జీపు వెంట పరుగు. చేపలమ్మే ఒక పెద్దావిడ గంప దించి, నా దగ్గరికొచ్చి తన భాషలో అడిగింది, "ఏమి పంచుతున్నారు బాబూ?" అని.

నేను రాసిన వాక్యం ఇంట్లో ఉన్నవాళ్ళను వీధిలోకి తెచ్చింది. అది నిజమైన రోజైతే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిపోర్టులో మాత్రం "డ్రిల్ సంతృప్తికరం" అనే పోయింది. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. మరుసటి ఏడాది స్థానిక భాషలో చీటీలు పంచుదాం, బడుల్లో చెప్దాం అని ప్రతిపాదన పెట్టాను. "అనవసరంగా జనాన్ని భయపెట్టినట్టవుతుంది" అన్నారు. నేను గట్టిగా అడగలేదు. అడగాల్సింది.

సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మా అమ్మకు ఈ సంగతి చెప్పాను. చదువుకున్న మనిషి కాదు. అంతా విని, "ఆ బిళ్ళ యాడుంటాదో వాళ్ళకు తెలుసునా నాయనా?" అంది. తెలియదమ్మా అన్నాను. "మరి ఎవరికి తెలుసు?" "మాకు తెలుసు." "మీకు తెలిస్తే ఏం లాభం రా, మింగల్సింది వాళ్ళు కదా" అంది.

ఆ మాట ఆమె నోట ఊరికే రాలేదు. మా సీమ కరువు సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. 1876 ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువును మా పెద్దలు ధాత కరువు అనేవారు. బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు ఊడ్చుకుపోయాయి. అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగం, 1882లో వేరే జిల్లా అయింది. ఆ చావుల తర్వాతే 1880లో ఫామిన్ కమిషన్, ఆ పైన ఫామిన్ కోడ్‌లు వచ్చాయి. తెల్లదొరల పాలనను నేను పొగడటం లేదు. ఆ కోడ్‌లో ఒక ఆలోచన ఉంది. గింజల ధర ఇంత పెరిగితే, జనం వలసపోవడం మొదలైతే, అడక్కముందే పని మొదలుపెట్టాలి, ఎవరు మొదలుపెట్టాలో కూడా ముందే రాసి ఉండాలి. ఆపద వచ్చాక ఆలోచించకూడదు అని. అణు ప్రణాళిక కూడా అచ్చం ఇదే. కొలత ఇంత దాటితే ఇంట్లో ఉండమనాలి, ఇంత దాటితే బిళ్ళ, ఇంకా దాటితే తరలింపు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది. ఆవరణ దాటిన అత్యవసర పరిస్థితికి బాధ్యుడు జిల్లా కలెక్టర్.

కానీ కరువు మనకు ఇంకోటి నేర్పింది. గడ్డి కేంద్రం పెట్టారని కలెక్టరుకు తెలిసి, ఎద్దున్న రైతుకు తెలియకపోతే ఆ ఎద్దు సంతకే పోతుంది. మా ఊళ్ళలో చాటింపు వేసేవాడు ప్రతి వీధి మూలా ఆగి రెండుసార్లు చెప్పేవాడు, అర్థమైందా అని అడిగేవాడు. నేను రాసిన వాక్యంలో ఆ "అర్థమైందా" లేదు.

ఇంకో ముచ్చట. చెర్నోబిల్ తర్వాత పిల్లలకు థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చింది పాల వల్ల. గడ్డి మీద అయోడిన్ పడింది, ఆవు మేసింది, పాలలోకి దిగింది, పిల్లలు తాగారు. ముందు జాగ్రత్త ఏమిటంటే ఆవును బయట మేపకూడదు, కప్పి పెట్టిన మేత వేయాలి. ఇది చెప్తే మా అమ్మ నవ్వింది. "వామి వేసుకోని, పైన కప్పుకోని ఉండల్ల. దానికి ఇంత చదువు కావల్నా?" అని. నిజమే. మనవాళ్ళకు చెప్తే చేయగలరు. చెప్పరు, అంతే.

చెప్తే దేశ రహస్యం బయటపడదా అంటారు. బ్రిటన్‌లో ప్లిమత్ ఊళ్ళో డెవన్‌పోర్ట్ అని నౌకా స్థావరం ఉంది. అణు జలాంతర్గాములు అక్కడ రిపేరుకు వస్తాయి. చుట్టుపక్కల ఇళ్ళకు ఏం చేయాలో ముందే సమాచారం ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది. ఓడ ఎప్పుడొస్తుంది, ఎక్కడికి పోతుంది అనేది రహస్యం. సైరన్ మోగితే కిటికీ మూసుకోండి అనేది ఎట్లా రహస్యమవుతుంది? శత్రువుకు దాంతో ఏం పని?

రేవు ఊళ్ళలో ఉండేవాళ్ళు ఎవరైనా చూస్తుంటే మీకు చెప్పేది ఇంతే. మీ వార్డు మెంబరునో, కలెక్టరాఫీసులో విపత్తు విభాగాన్నో మూడు ప్రశ్నలు అడగండి. సైరన్ ఎట్లా మోగుతుంది, దేనికి ఎన్నిసార్లు? ఇంట్లో ఉండాలా, బయటికి రావాలా? బిళ్ళలు ఎక్కడున్నాయి, మా ఇంటికి ఎవరు తెస్తారు? గొడవపడి కాదు, మర్యాదగా అడగండి. జవాబు ఉంటే మీకు ధైర్యం. లేకపోతే, మీరడిగారు కాబట్టి రేపైనా రాస్తారు.

ఆ చేపలావిడకు నేను ఆరోజు సరైన జవాబు చెప్పలేదు. "ఏం లేదమ్మా, ఇంట్లోకి పో" అన్నాను. ఈ ఎపిసోడ్ ఆవిడకు చెప్పాల్సిన జవాబు.

మేఘం కమ్ముతోంది, కురుస్తుందని నమ్మకమైతే లేదు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను. నమస్కారం.