స్తంభించిన సొమ్ము – తీరవలసిన బాకీ

ధవళేశ్వరము ఆనకట్ట చెంత నివసించు మాకు ఒక న్యాయము బాగుగ తెలియును. లాకులవద్ద నీటిని నిలిపినవాడు నీటికి యజమాని కాడు. ఆ నీరు శివారు పొలమునకు చేరినప్పుడే నిలిపినందుకు ఫలము. దండెత్తిన రాజ్యపు ధనమును ఇతర రాజ్యములు స్తంభింపజేసినప్పుడును ఈ న్యాయమే వర్తించునని మా అభిప్రాయము.

ఇది మనకు దూరపు విషయము కాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి మన జిల్లాలవారు వేలకొలదిగ బర్మాకు కూలికి పోయిరి. అచ్చట తెలుగువారికి ‘కోరంగీలు’ అనియే పేరు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు మరలిరి. కొండలు, అడవులు దాటి కాలినడకను వచ్చుచు వేలమంది దారిలోనే మరణించిరి. యుద్ధకాలమున మన దేశములోని జపానువారి ఆస్తి ప్రభుత్వము చేతిలో నుండెను. 1952 జూన్ 9నాటి సంధిలో భారతదేశము నష్టపరిహారపు హక్కును వదలుకొని, ఆ ఆస్తిని తిరిగి ఇచ్చుటకు అంగీకరించెను. అది ఉదారమైన రాజనీతియే. రాజ్యము తన బాకీని మాఫీ చేయవచ్చును. కాని, నడచివచ్చిన కూలివాని బాకీని అతని నడుగక మాఫీ చేయుట న్యాయమా?

దీనికి భిన్నమైన ఉదాహరణము కువైటు. 1990 ఆగస్టు 2న ఇరాకు ఆ దేశమును ఆక్రమించినప్పుడు, జీవనోపాధికై అచ్చటనున్న మన గోదావరి జిల్లాలవారును కష్టార్జితమును విడిచి రావలసివచ్చెను. 1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో ఒక పరిహార సంఘమును నెలకొల్పెను. ఇరాకు చమురు ఆదాయములో కొంత భాగమును దానికి కేటాయించిరి. 1992లో విదేశములందు స్తంభించియున్న ఇరాకు చమురు సొమ్మును గూడ రప్పింప భద్రతామండలి తీర్మానించెను. మెచ్చదగినది చెల్లింపుల వరుస. ప్రభుత్వములకన్న, పెద్ద కంపెనీలకన్న ముందు, పారిపోయివచ్చిన సామాన్యునికి స్వల్పమైన ఋజువుతోనే స్థిరమైన మొత్తము నిచ్చిరి. శివారు పొలమునకే మొదట నీరు పారినది! 2022 జనవరి నాటికి సుమారు 15 లక్షల అర్జీదారులకు 5,240 కోట్ల డాలర్ల చెల్లింపు ముగిసినది.

ఆ యేడే రష్యా ఉక్రెయినుపై పూర్తిస్థాయి దండయాత్ర సాగింపగా, పాశ్చాత్య రాజ్యములు సుమారు 30,000 కోట్ల డాలర్ల రష్యా నిల్వలను స్తంభింపజేసినవి. ఆ సొమ్మును బాధితులకు పంచవచ్చునా? పరరాజ్యపు ఖజానాపై ఇష్టానుసారము చేయివేసినచో రేపు ఏ దేశపు నిల్వకును క్షేమములేదను వాదము త్రోసివేయదగినది కాదు. ఇరాకు విషయమున భద్రతామండలి ఆజ్ఞ యుండెను. రష్యాకు ఆ మండలిలోనే వీటో కలదు.

అయినను, ధనమునుగూర్చిన వాదము తేలువరకు బాధితుల లెక్క ఆగనక్కరలేదు. 2023లో ఐరోపా కౌన్సిలు ఉక్రెయిను నష్టములను నమోదుచేయుటకు ఒక రిజిస్టరును ఏర్పరచెను. కూలిన ఇల్లు ఎవరిది, పోయిన ప్రాణము ఎవరిదని ముందుగా వ్రాసికొనుట చిన్న పనివలె తోచును. కాని, సంధి కుదుర్చువేళ పేరులేని బాకీని మాఫీ చేయుట సులభము. పేరు, ఊరు వ్రాసియున్న బాకీని మాఫీ చేయుట అంత సులభము కాదు.