రిజిస్టరు వివాహానంతరము సప్తపది



నా కనిష్ఠపుత్రిక 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము ననుసరించి, ముప్పది దినముల నోటీసు పిమ్మట ముగ్గురు సాక్షుల యెదుట వివాహమాడినది. నేను కోపించి పోనైతిని. ఏఁడాదికి అల్లుఁడే వచ్చి, “మామగారూ, మీ చేతులమీఁదుగా మరల జరిపింపుఁడు” అని వేఁడెను.

పురోహితుఁడు సందేహించెను. చట్టముచే వివాహము సిద్ధించియే యున్నది. భార్యయైనదానిని కన్యయని దానమిచ్చుట యెట్లు? కావునఁ గన్యాదానము మానితిమి. సప్తపదికేమి యడ్డు? మొదటి యడుగు అన్నమునకు, ఏడవది సఖ్యమునకు గదా! నాకును వారితో సఖ్యమే కావలసియుండెను. బంధువులు కొందఱు రాలేదు, వంట మిగిలినది. అరుంధతిని జూపువేళ మబ్బుపట్టినను, మా యింటావిడ కనఁబడినదనియే పట్టుపట్టినది.

ఇట్టి బిడ్డలను గుమ్మము వెలుపల నుంచిన తండ్రులీ సభలోనే కలరు. ముహూర్తము కొఱకు నాయొద్దకు రావచ్చును. పంచాంగము సంచిలోనే యున్నది.