చక్కెర మానేస్తే బరువు తగ్గుతామా?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, నర్సమ్మను కూడా కాను. చదివింది పదో తరగతి. పదకొండేళ్లుగా సంఘం పుస్తకాలు చూస్తా ఉన్నాను కాబట్టి నాకు బాగా తెలిసింది జమా ఖర్చుల లెక్క ఒక్కటే. ఆ లెక్కతోనే ఈ నాలుగు మాటలు చెప్తాను.

ఈ మధ్య ఏ మీటింగుకు పోయినా ఒక మాట వినపడతా ఉంది. టీ గ్లాసు చేతికిస్తే, "నాకు చక్కెర లేకుండా ఇవ్వక్కా, ఒళ్లు తగ్గాలి" అంటారు. పక్కన ప్లేట్లో పెట్టిన బజ్జీలు మాత్రం రెండు తీసుకుంటారు. నవ్వబాకండి. ఆ మాట అన్నదాన్ని, ఆ బజ్జీలు తిన్నదాన్ని నేనే.

రెండేళ్ల కిందట నా బరువు 71 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. డాబా మీద బట్టలు ఆరేసి దిగేటప్పటికి ఆయాసం, మోకాళ్లలో నొప్పి. మా అత్త చూసి, "చక్కెర మానేసి బెల్లం టీ తాగు, నెలలో తగ్గతావు" అనింది. సరేనని మూడు నెలలు చక్కెర ఒక్క చెంచా ముట్టలేదు. మూడు నెలల తర్వాత హెల్త్ క్లినిక్‌లో మిషను ఎక్కితే 72 చూపించింది. మిషను చెడిపోయిందనుకుని దిగి మళ్లీ ఎక్కినాను. 72 కిలోలే.

అదే రోజుల్లో మా సంఘంలో ఒక అక్క ఆరు వేల రూపాయలు అంతర్గత అప్పు అడిగింది. 'ఇంటి ఖర్చులకు' అని రాసుకుని ఇచ్చినాము. తీర్మానం మీద మొదటి సంతకం నాదే. ఆ డబ్బుతో ఆమె ఒళ్లు తగ్గే పొడి డబ్బాలు కొనింది. పొద్దున ఆ పొడే, రాత్రి ఆ పొడే. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. మేమందరం ఆమెను చూసి ఆశపడినాము కూడా. డబ్బాలు అయిపోయినాయి, మళ్లీ కొనే డబ్బు లేదు, మామూలు అన్నం మొదలుపెట్టింది. ఐదు నెలల్లో ఆ ఐదు కిలోలూ తిరిగొచ్చినాయి. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. కిస్తీలు కట్టేదానికి ఆ వేసవంతా రొయ్యల షెడ్డులో రాత్రి పనికి పోయింది. ఆమెను అడిగి, ఆమె సరే అన్న తర్వాతే ఈ సంగతి ఇక్కడ చెప్తా ఉన్నాను. తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు. అప్పు దేనికని గట్టిగా అడగని లీడరుది కూడా.

ఆ తర్వాత మా ఊర్లో ఆరోగ్య శిబిరం పెట్టినారు. నేను డాక్టరమ్మను నేరుగా అడిగినాను, "అమ్మా, చక్కెర మానేసినా ఎందుకు తగ్గలేదు?" అని. ఆమె మందులేమీ రాయలేదు. "నువ్వు సంఘం లెక్కలు రాస్తావు కదా, వారం రోజులు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాసుకోనిరా" అనింది. పాత పొదుపు పుస్తకంలో మిగిలిన కాగితాల్లో రాసినాను. ఆ వారంలో నాకు తెలిసొచ్చింది మీకు చెప్తాను.

చక్కెర ఒక గ్రాముకు 4 కేలరీలు. కేలరీ అంటే ఒంటికి వచ్చే శక్తిని లెక్కపెట్టే కొలత, మనకు రూపాయి ఎట్టానో అట్టా. ఒక చెంచా తలకొట్టి పోస్తే 5 గ్రాములు, అంటే 20 కేలరీలు. నేను రోజుకు నాలుగు టీలు తాగేదాన్ని, టీకి రెండు చెంచాలు. రోజుకు ఎనిమిది చెంచాలు, 40 గ్రాములు, 160 కేలరీలు. నెలకు చూస్తే కిలోం పావుకు కాస్త తక్కువ చక్కెర, 4,800 కేలరీలు. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. కాబట్టి మిగతావి ఏవీ మారకుండా ఆ ఎనిమిది చెంచాలు మానేస్తే, కాగితం మీద నెలకు ఆరు వందల గ్రాములు తగ్గాలి. ఒళ్లు కాగితం మాట అంతా వినదు. తిండి తగ్గేకొద్దీ ఆకలి పెంచుతుంది, ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. అయినా ఎంతో కొంత తగ్గాల్సిందే.

మరి నేను ఎందుకు తగ్గలేదు? ఒకటి, బెల్లం. బెల్లం కూడా చెరుకు రసమే కదా. కేలరీల్లో చక్కెరకూ బెల్లానికీ ఉన్న తేడా నామమాత్రం. తేనె కూడా తీపే. బెల్లంలో కాస్త ఇనుము ఉన్నా, టీలో వేసుకునే రెండు చెంచాలతో రక్తం పట్టదు. నేను చేసింది ఒక పద్దు పేరు కొట్టేసి అదే మొత్తం ఇంకో పద్దు కింద రాయడం. రెండోది, అన్నం. చక్కెర మానేశాను కదా అన్న ధైర్యంతో రాత్రి ఇంకో హస్తం వేసుకున్నాను. గుప్పెడు బియ్యం, 50 గ్రాములు అనుకోండి, 170 కేలరీలు. మానేసిన చక్కెర అంతా ఆ ఒక్క హస్తంతో చెల్లు. మూడోది, పిల్లకాయలు వదిలేసిన అన్నం. పారేసేదానికి మనసు రాక గిన్నె దగ్గర నిలబడే తింటాము. దాన్ని మనం తిండి కింద లెక్కే వేయము.

నాలుగోది నూనె. మన మండలంలోనే పంటపాలెం పక్కన నూనె ఫ్యాక్టరీలు ఉన్నాయి, లారీలు పోయేది రోజూ చూస్తానే ఉంటాము. మా ఇంట్లో నలుగురం, నెలకు నాలుగు ప్యాకెట్లు. అంటే మనిషికి ఒకటి. నూనె గ్రాముకు 9 కేలరీలు, చక్కెరకు రెండింతల పైన. ఒక లీటరు ప్యాకెట్టు దాదాపు 8,000 కేలరీలు. నేను 4,800 గురించి కొట్టుకుంటా, 8,000 సంగతి చూడనే లేదు.

ఈ మాటే పెద్ద చదువుల వాళ్లు కూడా తేల్చినారని డాక్టరమ్మ చెప్పింది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసి 2013లో అచ్చువేసినారు. మామూలుగా తినే పెద్దవాళ్లు తీపి తగ్గిస్తే సగటున 800 గ్రాములు తగ్గినారు. తీపి తీసేసి అంతే కేలరీల వేరే పిండి పదార్థాలు తిన్నవాళ్ల బరువు మారలేదు. నా మూడు నెలల కథ ఆ రెండో మాటే.

అయితే చక్కెర మానడం దండగా? కాదక్కా. చక్కెర కడుపు నింపదు, బలం ఇవ్వదు, మానేస్తే ఒంటికి నష్టమేమీ లేదు. అందుకని తగ్గించాల్సిన వాటిలో మొదట చేయి పెట్టాల్సింది దాని మీదే. అందులోనూ తాగే తీపి ఇంకా మోసం. కూల్‌డ్రింకు చిన్న సీసా, 250 మిల్లీలీటర్లు తాగితే దాదాపు ఐదు చెంచాల చక్కెర లోపలికి పోతుంది. ఆకలి మాత్రం తగ్గదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన దాని ప్రకారం రోజుకు 25 గ్రాముల లోపు, అంటే ఐదు చెంచాల లోపు ఉంటే మంచిది. బెల్లం, తేనె, పళ్లరసం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. చక్కెర బదులు వేసుకునే తీపి బిళ్లల మీద బరువు తగ్గేదానికి ఆధారపడొద్దని అదే సంస్థ 2023లో చెప్పింది.

ఇంక ఖర్చు పక్క చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం, 55 కిలోల ఆడమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 1,660 కేలరీలు చాలు. కష్టమైన పని చేసే ఆమెకు 2,720 కావాలి. మా అమ్మ నాట్లు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది, బిందెతో నీళ్లు మోసింది. ఇప్పుడు కోతకు మిషను వచ్చింది, చేలు కొన్ని రొయ్యల గుంటలయినాయి, కుళాయి ఇంటి ముందుకు వచ్చింది. మనం కుట్టు మిషను ముందో, అంగట్లోనో, ఫోను ముందో కూర్చుంటున్నాము. ఆ సుఖం తప్పని నేను అనను, మా అమ్మ నడుము నొప్పి నాకు వద్దు. ఖర్చు వెయ్యి కేలరీలు తగ్గింది, జమ మాత్రం అమ్మ తిన్నట్టే ఉంది. మిగిలింది నడుము చుట్టూ పొదుపు అవుతా ఉంది. ఆ పొదుపుకు వడ్డీ బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పి.

2019-20లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో వందకు 36 మంది ఉండాల్సిన దానికన్నా బరువు. అదే సర్వేలో వందకు దాదాపు 59 మందికి రక్తం తక్కువ. అంటే ఒళ్లు ఉంది, లోపల రక్తం లేదు. అందుకే తిండి మానేసి తగ్గాలనుకోవద్దు. తీపి తగ్గించండి, నూనె తగ్గించండి, మూడో హస్తం మానండి. కోడిగుడ్డు, పప్పు, ఆకుకూర, మన తీరంలో దొరికే చేప మానబాకండి. చేపను వేపుడు కన్నా పులుసు పెట్టుకోండి, పులుసులో కూడా నూనె తేలేటట్టు పోయబాకండి.

ముగ్గురికి జాగ్రత్త చెప్తాను. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు, ఎదిగే ఆడపిల్లలు బరువు తగ్గే పని పెట్టుకోవద్దు. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పూటలు మానొద్దు. వాళ్లకు ఉన్నట్టుండి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. ఆ నిమిషంలో చక్కెరే మందు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. మూడోది, చూసేదానికి సన్నగా ఉన్నా షుగరు రాదని లేదు, ముప్పై దాటినవాళ్లు పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు నా సంగతి. రోజుకు ఎనిమిది చెంచాలు రెండుకు తెచ్చినాను. ఒక్కసారిగా కాదు, వారానికి ఒక చెంచా చొప్పున. నెలకు నాలుగు ప్యాకెట్ల నూనె రెండున్నర అయింది. రాత్రి మూడో హస్తం పోయింది, ఆ జాగాలో ఆకుకూర పప్పు వచ్చింది. పొద్దున అరగంట ముగ్గురం కలిసి నడుస్తాము. పది నెలల్లో 72 నుంచి 66కు వచ్చినాను. గొప్ప సంగతేమీ కాదు, కానీ డాబా మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను. మొన్న పండక్కి నెల్లూరు మలై కాజా ఒకటి తిన్నాను కూడా. ఒకటే తిన్నాను, పుస్తకంలో రాసినాను. ఆ పొడి కొన్న అక్క కూడా ఇప్పుడు మాతోనే నడుస్తోంది. ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గింది, దానికి అప్పు చేయలేదు. ఆమెకు ఇంకా రెండు కిస్తీలు ఉన్నాయి.

మన జిల్లాలో 1992లో దూబగుంట ఆడోళ్లు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం తర్వాతే ఇక్కడ రోజుకో రూపాయి పొదుపు పెరిగింది. రోజుకో రూపాయితో ఏమవుతుందని అప్పుడు నవ్వినవాళ్లు ఉన్నారు. రోజుకో చెంచా తగ్గిస్తే ఏమవుతుందని ఇప్పుడు నవ్వేవాళ్లకు మనం చెప్పే జవాబు కూడా అదే.

చివరగా ఈ మహాసభ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను.

ఒకటి, సంఘం మీటింగుల్లో టీ చక్కెర లేకుండా పెట్టి, చక్కెర గిన్నె పక్కన ఉంచుదాము. కావాల్సినవాళ్లు వేసుకుంటారు.

రెండు, మూడు నెలలకు ఒకసారి ఇష్టమున్నవాళ్లు బరువు, నడుము కొలత రాసుకుందాము. కుట్టు టేపు మనందరి దగ్గరా ఉంది. ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. ఆ కొలత ఎవరిది వాళ్ల పుస్తకంలోనే ఉండాలి, పదిమందిలో చదవొద్దు.

మూడు, ఒళ్లు తగ్గే పొడికో మందుకో ఎవరైనా అప్పు అడిగితే, ముందు ఏఎన్ఎమ్మతోనో డాక్టరుతోనో మాట్లాడి రమ్మని చెప్దాము. కసరబాకండి. కసిరితే రేపు వేరే కారణం రాయించి తీసుకుంటారు. మా సంఘంలో జరిగింది అదే.

నాలుగు, లీడర్లు సంతకం పెట్టేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి: "దేనికమ్మా ఈ డబ్బు?" నేను అడగలేదు. మీరు అడగండి.

 సభ అయినాక మజ్జిగ ఉంది, ఉప్పు వేసింది. తాగి పొండి.